గుమ్మడికాయకు కత్తి పెట్టిందెవరు

మా వఠారం యజమానురాలిని అందరం పెద్దక్క అనే పిలిచేవాళ్లం. అనుమానం ఆమెకు కాఫీ లాంటిది, పొద్దున్నే లోపల పడకపోతే తలనొప్పి. కరెంటు బిల్లు పెరిగితే ఎవరో దొంగచాటుగా హీటరు వాడుతున్నారనేది. బిల్లు తగ్గితే మీటరుకు ఎవరో ఏదో చేశారనేది.

రెండువేల రెండులో హిందూపురంలో ఆమె తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం విందుకని నల్లమాడ నుంచి తెప్పించిన తీపి గుమ్మడికాయలు కొన్ని మిగిలిపోయాయి. కుళ్లేలోపు వదిలించుకోవాలని పెద్దక్క వాటిని మా మూడు గదులకూ పంచింది. ఒక గదిలో నేను, ఒక గదిలో ఆదెమ్మవ్వ, చివరి గదిలో రాధ.

రాధ భర్త లారీ ప్రమాదంలో పోయాడు. ఆమె బట్టల అంగట్లో పని చేసుకుని బతుకుతోంది. ఒంటరి ఆడదని తెలిస్తే మా ఊళ్లో ఎవరూ గది ఇవ్వరు. ఆ గది కోసం ఆమె ఎన్ని వీధులు తిరిగిందో నాకు తెలుసు. మగమనిషి గడప తొక్కకూడదన్న షరతు మీదే పెద్దక్క ఇచ్చింది.

ఆ ఆదివారం రాధ గుమ్మడికాయతో సూపు చేసింది. టీవీలో చూసిందట. ముక్కలను ఉల్లిగడ్డ, తెల్లగడ్డతో ఉడికించి, మెత్తగా రుబ్బి, పాలు కలిపి, పైన మిరియాల పొడి చల్లింది. అందరికీ గ్లాసుల్లో పోసి తెచ్చిచ్చింది. కమ్మగా, కాస్త తియ్యగా, చివర్లో మిరియాల ఘాటుతో భలే ఉండింది. పెద్దక్క అడిగి మరీ రెండో గ్లాసు పోయించుకుంది. అది సగంలో ఉండగా ఆమె ముఖం మారింది.

"అవునూ, కాయకు కత్తి పెట్టిందెవురు?" అని నా చెవిలో అడిగింది.

మా వైపు ఆడవాళ్లు నిండు గుమ్మడికాయను కొయ్యరు. మొదటి గాటు మగవాడు పెట్టాలి, ముక్కలు తరగడం ఆ తర్వాత మన పని. కాదని కోస్తే ఇంట్లో మగవాళ్లకు కీడంటారు. నా కాయ కూడా ధర్మవరంలో మగ్గం పనికెళ్లిన మా ఆయన కోసం మూలన కూర్చునుంది. మరి రాధ కాయను ఎవరు కోసినట్టు?

సాయంత్రానికల్లా పెద్దక్క బుర్రలో ఒక మగవాడు తయారయ్యాడు. కాసేపు అంగడి సేటయ్యాడు, కాసేపు ఆటో తోలేవాడయ్యాడు. రాధ గుమ్మం ముందు కొత్త చెప్పులేమైనా ఉన్నాయేమోనని రెండుసార్లు వచ్చి చూసిపోయింది. ఆదెమ్మవ్వను ఆరా తీసింది, నన్నూ అడిగింది. నాకు ఒళ్లు మండింది. అయినా రాధ కిటికీ వైపు నా కళ్లు కూడా పోతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున రాధ పనికి బయల్దేరుతుంటే పెద్దక్క దారికి అడ్డంగా నిలబడి, గది ఖాళీ చెయ్యమంది. పెద్దక్క భర్త ఆంజనప్ప అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. రాధ ముఖం పాలిపోయింది. నేనేం తప్పు చేశానని అడిగింది.

"కాయ కోసిన మగోడెవురో చెప్పు, చాలు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"కాయ ఎత్తుకోని మీ అరుగు కాడికే వచ్చినా పెద్దక్కా. ఒక గాటు పెట్టియ్యన్నా అని అడిగితే, మా ఆమె చూస్తే బతకనియ్యదు, పోమ్మా అన్నాడు అన్న."

ఆంజనప్ప పేపరును ముఖానికి ఇంకా దగ్గరగా తెచ్చుకున్నాడు.

"అందుకే నేనే కోసినా. ఆడది కోస్తే ఇంట్లో మగోనికి కీడంట గదా. నా ఇంట్లో ఇంగ యా మగోడుండాడక్కా, కీడు జరిగేదానికి?"

పెద్దక్క పక్కకు జరిగి దారి ఇచ్చింది. గది మాట మళ్లీ ఎత్తలేదు. రాధ కూడా ఖాళీ చెయ్యలేదు, ఇంకో గది దొరకాలి కదా. కానీ ఆనాటి నుంచి ఏం వండుకున్నా తలుపు వేసుకునే వండుకుంది. ఘుమఘుమలు మాత్రం మా గదుల దాకా వచ్చేవి. ఆ తలుపు తట్టడానికి పెద్దక్కకే కాదు, నాకూ ముఖం చెల్లలేదు.