ఐదో శేరు

తప్పు నాదే. ముందే చెప్పేస్తే నాకూ నిమ్మళంగా ఉంటుంది.

చౌటుప్పల్‌లో హైవేకు అవతల, నేతపనివాళ్ల గల్లీలో, బర్మా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు పదమూడు కిరాయికి ఉంటున్నాయి. మగవాళ్లు పాత సామాన్ల గోదాముల్లో అట్టలు, సీసాలు ఏరుతారు. వాళ్లకు దవాఖాన చీటీలు, పిల్లల బడి, బియ్యం, పప్పు చూసే చిన్న సంస్థలో నేను పనిచేస్తాను. పేరు స్వర్ణలత, మాది నల్లగొండ. నాకు ముక్కు మీద కోపం, దాని వెనకాలే ఏడుపు. ఈ ఉద్యోగానికి ఆ రెండూ పనికిరావని హైదరాబాద్ ఆఫీసు నుంచి మా దివాకర్ సార్ వారానికోసారి చెబుతుంటాడు.

శుక్రవారం పొద్దున వ్యాను తీసుకొచ్చి గల్లీ నడిమధ్య ఆపించాను. జాబితా చూసి పదమూడు పేర్లు గట్టిగా పిలిచాను. పదమూడు సంచులు ఇచ్చి, సంతకాలు పెట్టించుకుని, ఫొటోలు తీశాను. మిగతా ఇరవై ఏడు ఇళ్ల ఆడవాళ్లు గడపల్లో నిలబడి చూశారు. వాళ్లలో సగం ఇళ్లలో రెండు నెలలుగా మగ్గం ఆడడం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, జాబితాలో లేరు కదా అని తల తిప్పుకుని వ్యాను ఎక్కాను.

సాయంత్రానికల్లా హమీదా ఫోను చేసింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, చంకలో నెలన్నర పసిగుడ్డు.

"అక్కా, అవ్వ ఇల్లు ఖాళీ చెయ్యమంటుంది. ఆదివారం వరకే," అంది వచ్చీరాని తెలుగులో.

అవ్వ అంటే నర్సింగమ్మ, హమీదా వాళ్ల ఇంటి యజమానురాలు. భర్త పోయాక ఆమె మగ్గం గుంటను మట్టితో పూడ్చి, అలికి, ఆ గదిని ఈ పిల్లకు, ఆమె మొగుడికి కిరాయికి ఇచ్చింది. కాన్పయి వచ్చిన రోజు వేడినీళ్లు కాచి పోసింది కూడా ఆమే. అలాంటి మనిషి పొమ్మందంటే నమ్మలేక అప్పటికప్పుడు బస్సెక్కాను.

నర్సింగమ్మ అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నన్ను చూసి కూడా చక్రం ఆపలేదు.

"ఏందవ్వా గిది? పచ్చి బాలింత. యాడికి పోతది?"

"నన్నడుగుతవేందే? నీకు వ్యానుంది గద. అండ్ల ఎక్కించుకపో."

"నేనేం జేసిన?"

"ఏం జేసినవా? మా మొకాల ముంగట నిలవడి సంచులు పంచినవ్. మేం మనుషులం గాదా? పొద్దటి సంది పక్కింటి వెంకటనర్సమ్మ నన్ను ఒక్కతీర్గ పొడుస్తాంది. నీ కిరాయిదారుకు మూటలొచ్చినయ్, నీకు తవుడు గూడ రాకపాయె అని. నల్లకాడ గదే మాట, దుకాణంకాడ గదే మాట. గల్లీల అందరు ఖాళీ చేపిస్తమంటున్నరు. నా ఇంటికెల్లే మొదలు."

నేను ఒక్కదాన్ని తల తిప్పుకున్నందుకు పదమూడు కుటుంబాలు రోడ్డున పడబోతున్నాయి. బర్మావాళ్లంటే ఇంకో గల్లీలో గది దొరకదు. ఇది దొరకడానికే నాలుగు నెలలు తిరిగాను.

వెళ్లబోతుంటే ఆమే మళ్లీ అంది, ఈసారి గొంతు తగ్గించి.

"నాకు ఇద్దరు కొడుకులాయె, కడుపున ఆడపిల్ల లేకపాయె. గీ పిల్లకు నీళ్లు పోస్తుంటే, ఇగ నాకు బిడ్డ దొరికిందిలే అనుకున్న. నువ్వొచ్చి ఆమె జాబితా వేరు, నా బతుకు వేరు అని గల్లీకి చాటినవ్."

బయటికొచ్చి, కరెంటు స్తంభం చాటున నిలబడి కాసేపు ఏడ్చాను. తర్వాత దివాకర్ సార్‌కు ఫోను చేశాను.

"లతా, ఆ డబ్బు శరణార్థుల కోసం వచ్చింది. ఊరివాళ్లకు ఇవ్వడానికి వీల్లేదు," అన్నాడు.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదు అంటే ఇదే సార్. ఆదివారం వీళ్లంతా రోడ్డు మీద పడితే మీ సంచులు హైవే మీద పంచుతారా?"

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. చివరికి, "వేరే దాతను అడిగి గల్లీ మొత్తానికి బియ్యం పంపిస్తాను. బస్తాలే వస్తాయి, ఇంటింటికీ సంచులు కట్టించే టైం లేదు," అన్నాడు. అప్పుడు ఆయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చిందంటే అబద్ధం కాదు.

శనివారం మళ్లీ నర్సింగమ్మ అరుగు దగ్గరికే పోయాను.

"పంచుడు నాతోని కాలే అవ్వా. రేపు నువ్వే కొలువు. నీ చెయ్యంటే గల్లీకి నమ్మకం. నలభై ఇండ్లకు ఒక్కటే లెక్క, ఇంటికి నాలుగు శేర్లు."

ఆమె చేతిలో కండె పక్కన పెట్టింది. "కొలుస్త. గని ఇల్లు మాత్రం ఖాళీ జెయ్యాలె. మాటంటే మాటే."

ఆదివారం పొద్దున అరుగు ముందు బస్తాలు దించాం. నర్సింగమ్మ తన ఇత్తడి శేరు తోమి తెచ్చుకుంది. నేతవాళ్లని లేదు, బర్మావాళ్లని లేదు, వరుసలో ఎవరు ముందొస్తే వాళ్లకు. గిన్నెలు, బకెట్లు, సంచులు పట్టుకుని అందరూ ఒకే వరుసలో నిలబడ్డారు. ముందు మూతులు ముడుచుకున్నారు. కాసేపటికి వెంకటనర్సమ్మ తన ముందున్న బర్మా ముసలామె గిన్నెకు చిల్లు చూసి, "గిది పట్టుకపోతే తొవ్వంతా కోళ్లకే," అని తన సంచి ఒకటి ఇచ్చింది. ఇక మిగతావాళ్లను ఖాళీ చేయించరని నాకు ధైర్యం వచ్చింది. కానీ హమీదా గది ముందు కట్టిపెట్టిన మూటలు అలాగే ఉన్నాయి.

హమీదా అందరికంటే చివర వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"సంచేది?" అన్నాను.

"అన్నీ మూటల్లో కట్టేసినం అక్కా."

పాపను నా చేతికిచ్చి, నర్సింగమ్మ ముందు నేల మీద కూర్చుంది. ఓణీ ఒడిలో పరిచి, రెండు చేతులతో అంచులు పట్టుకుంది.

నర్సింగమ్మ ఒక శేరు పోసింది. రెండోది పోసింది. మూడోదానికి ఆమె చెయ్యి నెమ్మదించింది. నాలుగోది పోశాక, ఆ పిల్ల వంచిన తలను చూస్తూ ఉండిపోయింది. తర్వాత శేరు మళ్లీ నింపి, రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా ఒడిలోకి వంచింది.

బియ్యంతో ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగి వచ్చారు.

"నర్సింగమ్మా, ఏం జేసినవో సూసుకున్నవా?" అంది వెంకటనర్సమ్మ. "ఐదు పోసినవ్."

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు కూర్చోబెట్టి ఒడిబియ్యం పోస్తారు. ఐదు పోస్తారు. ఆ గల్లీలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. తెలియనిది హమీదాకు ఒక్కదానికే. అందరికీ నాలుగు, తనకు ఐదు వచ్చాయని ఆ పిల్ల కూడా లెక్కపెట్టింది. ఏదో తప్పు జరిగిందనుకుని భయపడింది. మొన్న సంచుల దగ్గర జరిగింది ఇంకా మరిచిపోలేదు.

"నాకు ఎక్కువ వచ్చింది అవ్వా," అని పిడికిలి నిండా బియ్యం తీసి నర్సింగమ్మ కొంగులో పోసింది. ఇంకో పిడికిలి పోసింది. ఇంకోటి.

ఒడి నింపించుకున్న బిడ్డ లేచేముందు ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటికే తిరిగి పెడుతుంది, ఆ ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉండాలని. ఈ పిల్లకు ఆ ముచ్చట ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

ఐదో పిడికిలి పడగానే నర్సింగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఐదయినయ్. సాలు బిడ్డా."

కొంగును ముడి వేసుకుంది. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"పసుపు కలపలె, చీర పెట్టలె. అయినా పోసింది పోసిందే," అంది వెంకటనర్సమ్మకు కాదు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "నా పుట్టింట్ల నేను ఎన్నిమార్లు పెట్టొచ్చిన్నో. నా ఇంట్ల పెట్టెటోళ్లు గిన్నేండ్లకు దొరికిండ్రు."

నా నోరు ఊరుకోదు కదా. "మరి ఇల్లు, అవ్వా?" అన్నాను.

"నీకు తల్లి లేదానే?" అని నా మీద విరుచుకుపడింది. "బాలింతను ఐదో నెల రాకముందే పుట్టింటికెల్లి ఎవలన్న సాగదోల్తరా? ఐదో నెల వచ్చినంక నేనే చీర పెట్టి మాట్లాడుత. అప్పటిదాంక నువ్వు గీ ముచ్చట ఎత్తకు."

వెంకటనర్సమ్మ పక్కున నవ్వింది. "ఐదో నెలల పంపిస్తదట. సూద్దాం," అంది.

నర్సింగమ్మ నా చేతుల్లోంచి పాపను లాక్కుని భుజాన వేసుకుంది. హమీదాకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. ఒడి నిండా బియ్యంతో అలాగే కూర్చుని, "అవ్వా, మూటలు?" అని భయం భయంగా అడిగింది.

"ఇప్పు పో. ఇగ నన్ను అవ్వా అనకు. అవ్వను గీ చిన్నదానికి. నీకు అమ్మను."

హమీదా ఓణీ అంచులు రెండు చేతులతో ఒడిసిపట్టుకుని, ఒక్క గింజ కూడా జారనీయకుండా లేచి, మూటలు విప్పడానికి పోయింది.