పడమటి గోడ మీద గాజు పట్టీలు

పాత సర్కారు కచేరీ హాల్లో పడమటి గోడ మీద గాజు పట్టీలు మూడోసారి పగిలేసరికి, ఇది గోడ చేసిన పని కాదు, మనిషి చేసిన పని అన్న అనుమానం ఇంజనీరమ్మ మనసులో మేకులా దిగింది.

సంగతేమిటంటే, ఆ గోడకి పైనుంచి కిందిదాకా ఒక పగులు ఉంది. వందేళ్ళు దాటిన కట్టడం కాబట్టి పగులుండడం వింతేం కాదు. అది ఎప్పుడో ఆగిపోయిన పగులా, ఇంకా కదులుతున్న పగులా అన్నది తేలాలి. దానికొక ఉపాయం ఉంది. పగులుకి అడ్డంగా పలచటి గాజు పట్టీ పెట్టి, రెండు చివర్లా సిమెంటు ముద్దతో అంటించి, పక్కన తేదీ రాస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. ఆమె పుస్తకంలో చూసి, కొలతలు తప్పకుండా, తన చేత్తోనే తొమ్మిది పట్టీలు అంటించింది. మొదటి వారం రెండు పగిలాయి. వాటి చోట కొత్తవి పెడితే రెండో వారం మూడు. ఈ సోమవారం మళ్ళీ రెండు. వాటినీ మార్చింది.

గోడ కదులుతోందని రాస్తే హాలు కూల్చేస్తారు. కూల్చిన చోట కింద దుకాణాలు, పైన మూడంతస్తులు లేపాలన్న ఆలోచన అప్పటికే ఒక ఫైల్లో కూర్చుని ఉంది. కదలడం లేదని రాస్తే ఆమె గీసిన ప్లాను నిలుస్తుంది. హాల్లో ఒక పక్క సర్టిఫికెట్ల కౌంటర్లు, వాటి ముందు కూర్చోవడానికి బల్లలు, రెండో పక్క ఎవరైనా వచ్చి చదువుకునే గది, మెట్లెక్కలేనివాళ్ళకి వాలుదారి. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఆ కాలేజీలో చేరడానికి కావలసిన కాగితం కోసం ఇదే కచేరీ కిటికీ ముందు రెండు రోజులు ఎండలో నిలబడింది. అందుకే ప్లానులో అన్నిటికన్నా ముందు బల్లలు గీసింది.

కూల్చాలో ఉంచాలో తేల్చే కమిటీ శుక్రవారం వస్తుంది.

“మేడమ్, మళ్ళీ పగిలాయటగా,” అన్నాడు కాంట్రాక్టరు, జాలి ఒలకబోస్తూ. “పుచ్చిపోయిన పన్నుని ఎన్నాళ్ళని పట్టుకుని కూర్చుంటాం చెప్పండి. ఉన్నదున్నట్టు రాసెయ్యండి, మీకూ హాయి, మాకూ హాయి.”

“పగిలాయని నేనింకా ఎవరికీ చెప్పలేదే. మీకెలా తెలిసింది?”

“రేడియో ఉండగా నాకు పేపరెందుకండీ?”

రేడియో అంటే కచేరీ కాపలా మనిషి. చూసింది చూసినట్టూ, చూడనిది ఇంకా బాగానూ చెబుతాడని ఆ పేరు. ఆ సాయంత్రం అతను ఆమె బల్ల దగ్గరికి వచ్చి, తలుపు వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూసి నిలబడ్డాడు.

“చెప్పడానికి నోరు రావట్లేదు మేడమ్,” అన్నాడు. అతనలా మొదలుపెట్టాడంటే ఆ నోరు ఇక మూతపడదని అందరికీ తెలుసు.

“ఏమిటో చెప్పు.”

“మన పెద్ద మేస్త్రి ఉన్నాడు చూశారూ. అందరూ అన్నాలకి వెళ్ళాక ఒక్కడే ఆ హాల్లో దూరతాడండి. గోడకి చెవి ఆనించి, తాపీ పిడితో టకటకా కొడతాడు. పొద్దువాలే సరికి గాజు పగిలుంటుంది. నేను చెప్పానని అనకండేం.”

“ఇంకెవరికైనా చెప్పావా?”

“ఛ, ఎవరికి చెబుతానండీ. కాంట్రాక్టరు గారికి తప్ప.”

ఆమె ముఖం మీద రంగు మారకుండా చూసుకుంది. ఎందుకంటే రేడియోకి సైతం అందని వార్త ఒకటుంది. ఆ పెద్ద మేస్త్రి ఆమెకి స్వయానా బాబాయి, తండ్రి తమ్ముడు. ఆమె ఉంటున్నది ఆయన ఇంట్లోనే. ఆయన ఏడింటికి సైకిలు మీద వస్తాడు, ఆమె తొమ్మిదింటికి బస్సులో వస్తుంది. పనిలో చేరిన రోజే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. “పనిచోట నువ్వు ఇంజనీరువి, నేను మేస్త్రిని. చుట్టరికం గేటు బయటే ఉండాలి. మేస్త్రి ఇంటి పిల్ల అని నిన్ను తేలిక చేస్తారు, ఇంజనీరు బాబాయి అని నన్ను ఆడిపోసుకుంటారు,” అన్నాడాయన. “అలాగైతే ఇంట్లో పని ఊసు ఎత్తకూడదు,” అంది ఆమె. ఇద్దరూ అన్న మాట తప్పే రకం కాదు.

ఆ పూట అన్నం దగ్గర ఆమె ఆయన్ని దొంగచూపులు చూసింది. ఆయనా తననలాగే చూస్తున్నట్టనిపించింది.

“ఏమిటి, ఇద్దరి నోళ్ళకీ తాళాలేశారు?” అంది పిన్ని. “తాళంచెవి ఎవరి దగ్గరుందో చెబితే నేనే తీస్తా.”

“పని ఎక్కువగా ఉంది పిన్నీ.”

“ఊఁ,” అన్నాడు బాబాయి.

ఆ ‘ఊఁ’ ఆమెకి నచ్చలేదు. అనుమానం పట్టిన కంటికి తాడూ పామే. ఆయన ముక్కు మీద కళ్ళజోడు కొత్తదిలా కనబడింది. పోయిన వారం కాంట్రాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడడం గుర్తొచ్చింది. కొత్త బిల్డింగు లేస్తే దానికీ పెద్ద మేస్త్రి కావాలిగా. సున్నం పని తెలిసినవాడికి సిమెంటు పని ఎడంచేతి పని. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకోవడం?

“కళ్ళజోడు ఎప్పుడు కొన్నావు బాబాయ్?”

“సంవత్సరమైంది. ఇవాళ కనబడిందా?”

మంగళవారం మధ్యాహ్నం ఆమె హాలు పై వరండాలో స్తంభం వెనక నక్కింది. రేడియో చెప్పింది చెప్పినట్టే జరిగింది. బాబాయి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. గోడకి చెవి పెట్టి, తాపీ పిడితో ఒక్కో చోటా కొట్టి విన్నాడు. అరచేత్తో గోడని నిమిరాడు. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. ఆమె పరుగున దిగి చూస్తే పట్టీలన్నీ బాగానే ఉన్నాయి. మూడింటికి మళ్ళీ చూస్తే ఒకటి పగిలి ఉంది.

కొట్టి వదులు చేసి పోతున్నాడు, తర్వాత అదే పగులుతోంది. మరి రుజువు?

బుధవారం ఆమె మధ్యాహ్నానికి ముందే హాలు ఖాళీ చేయించి, గోడ పొడవునా నేల మీద సున్నం పొడి జల్లించి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి తన సంచిలో పెట్టుకుంది. పిల్లి నడిచినా అడుగు పడాలి. సాయంత్రం తలుపు తీసింది. సున్నం పరిచిన దుప్పటిలా ముడత పడకుండా ఉంది. కొత్తగా రెండు పట్టీలు పగిలి ఉన్నాయి.

ఆమె గడపలోనే నిలబడిపోయింది. ఎవరూ రాలేదు. అంటే గోడే కదులుతోంది. ఇన్నాళ్ళూ మనుషుల్ని అనుమానించింది, గోడని నమ్మింది. ఇప్పుడు ఏది రాయాలన్నా చెయ్యి ఆడదు. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. పట్టీలు పగలగొట్టనప్పుడు ఆయన అక్కడ చేస్తున్నదేమిటి?

పెరట్లో పనివాళ్ళ మధ్య కూర్చుని బాబాయి తాపీలు కడుగుతున్నాడు.

“బాబాయ్, ఒకసారి ఇలా రా.”

నీళ్ళలో ఆయన చేతులు ఆగిపోయాయి. పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేడియో నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. అతని జీవితంలో అది మొదటిసారి కావచ్చు.

హాల్లోకి వెళ్ళాక ఆమె అడిగేసింది. “రోజూ మధ్యాహ్నం ఈ గోడ దగ్గర ఏం చేస్తున్నావు?”

“నువ్వేం చేస్తున్నావో తెలుసుకుందామని.” ఆయన గొంతు తగ్గించాడు. “కాంట్రాక్టరు ఏమని బెదిరించాడమ్మా నిన్ను? ఉద్యోగం కొత్త, భయపడి ఉంటావు. నాతో చెప్పు, ఫర్వాలేదు.”

“నన్నెవరు బెదిరించారు? కూల్చిన చోట పని ఇస్తానని నీకే ఏదో చెప్పాడనుకున్నా.”

ఆయన చేతిలోని తడి తాపీని తువ్వాలుతో తుడిచాడు.

“చదువుకున్నదానివి,” అన్నాడు. “డొల్ల పూత మీద అంటిస్తే గాజు పగులుతుందని తెలీక అంటించావని నేనెలా అనుకుంటాను? తెలిసే చేశావనుకున్నా. ఎవరో చేయించారనుకున్నా.”

“డొల్లా?”

ఆయన తాపీ తిరగేసి, ఎదురు గోడ మీద పిడితో కొట్టాడు. గట్టిగా, పొట్టిగా ఒక చప్పుడు. పగులు పక్కన కొట్టాడు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది.

“ఇక్కడ సున్నం పూత ఎప్పుడో ఇటుకని వదిలేసింది. పడమటి ఎండ కిటికీలోంచి పడితే ఉబ్బుతుంది, పొద్దువాలితే అణుగుతుంది. నువ్వు గాజు అంటించింది ఒంటికి కాదు, చొక్కాకి. చొక్కా ఊగిందని మనిషి నడుస్తున్నాడని రాస్తావా?”

పుస్తకంలో ‘గోడ మీద’ అనే ఉంది. ఇటుక పనివాళ్ళ ఇంట్లో పెరిగిన పిల్ల, ఏది అంటించినా ముందు తట్టి వినాలని చిన్నప్పుడు వందసార్లు విన్న పిల్ల, పూతనే గోడ అనుకుంది. ఆమెకి చెవులు కాలాయి.

“మొదటి రోజే చెప్పొచ్చుగా.”

“ఎక్కడ చెప్పను? ఇక్కడ నేను మేస్త్రిని, అడగందే ఇంజనీరుకి చెప్పకూడదు. ఇంట్లో చెబుదామంటే పని ఊసు వద్దన్నది నువ్వే.”

“కొంప మునుగుతుంటే కూడానా?”

“నువ్వు మాత్రం అడిగావా? మేడెక్కి కాపలా కాశావు. నిన్న స్తంభం పక్కన నీ చున్నీ కనబడుతూనే ఉంది.”

ఆయన ఉలి తీసుకుని నాలుగు దెబ్బలు వేస్తే పూత పెచ్చుగా ఊడిపడింది. లోపల ఇటుకలోనూ పగులు ఉంది, సన్నగా, నిండా పాత దుమ్ముతో.

“ఇది కదులుతోందా?”

“నాకూ తెలీదు. గాజునే అడుగు. ఈసారి ఒంటి మీద పెట్టి.”

శుక్రవారం కమిటీ ముందు ఆమె రాసుకొచ్చింది చదివింది. పట్టీలు డొల్ల పూత మీద పెట్టడం తన తప్పని, ఆ లెక్కన గోడ గురించి ఏమీ తేలలేదని, ఇటుక మీద మళ్ళీ పెట్టి మూడు వారాలు చూడాలని ఉంది అందులో. కమిటీ నడిపే పెద్ద ఇంజనీరు చివరిదాకా విన్నాడు.

“ఈ జ్ఞానం ఎప్పుడు కలిగింది?”

“మొన్న సాయంత్రం సార్.”

“ఎవరు చెప్పారు?”

“పెద్ద మేస్త్రి.”

కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. “ఆ మేస్త్రి ఈవిడకి బాబాయండి. సున్నం పని ఆగితే ఆయన పని పోతుంది. నాకేం పట్టలేదనుకోండి, తెలిసింది కాబట్టి చెబుతున్నా.”

“నిజమేనా?”

“నిజమే సార్.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఎవరికీ అనుమానం రాకూడదని సార్.”

“చూశావుగా, ఎంత బాగా పనిచేసిందో.” ఆయన నవ్వలేదు. “నీ మాట నమ్మను. మీ బాబాయి మాట నమ్మను.” కాంట్రాక్టరు వైపు తిరిగాడు. “మీరంత సంతోషించకండి, మీ మాటా నమ్మను. ఇంకో విభాగం నుంచి ఇంజనీరు వచ్చి ఇటుక మీద పట్టీలు పెడతాడు. తాళం అతని దగ్గరే ఉంటుంది. మూడు వారాలు. ఈ అమ్మాయిగానీ, మేస్త్రిగానీ ఆ గడప తొక్కితే ఆ రోజే కూల్చడానికి సంతకం పెడతాను. తప్పు పట్టీలు పెట్టినందుకు ఈమె ఫైల్లో ఒక మెమో వెయ్యండి.”

ఆ మూడు వారాలు బాబాయి మెట్ల పని చూసుకున్నాడు. ఆ తలుపు ముందునుంచి వెళ్ళాల్సి వస్తే ఇద్దరూ చుట్టు తిరిగి వెళ్ళేవారు. రేడియో తలుపు ముందు స్టూలు వేసుకుని పెళ్ళివారిలా కూర్చున్నాడు. దగ్గరికొచ్చిన ఈగనీ అనుమానంగానే చూశాడు.

ఇరవై రెండో రోజు ఆ బయటి ఇంజనీరు తాళం తీశాడు. తొమ్మిదింటికి తొమ్మిదీ బాగానే ఉన్నాయి. అతనికి నమ్మకం కలగలేదు. నిచ్చెన తెప్పించి ఒక్కోదాని మీదా గోరుతో గీసి చూశాడు, టార్చి వేసి చూశాడు, పట్టీల పక్కన తను పెట్టిన సంతకాలు తనవేనా అని చూశాడు. “గాజు మరీ మందమేమో,” అన్నాడు కాంట్రాక్టరు. ఇంజనీరు కొలిచి, కాదన్నాడు. చివరికి, ఇష్టం లేనట్టుగానే, గోడలో కదలిక లేదని రాశాడు.

హాలు నిలిచింది. ప్లానుకి ఆమోదం వచ్చింది, బల్లలతో సహా. అదే ఉత్తరువులో చివరి వాక్యం ఆమె గురించి. ఒకే చోట బంధువులు పనిచేయడం తగదు కాబట్టి ఆమెని వంతెనల విభాగానికి మార్చారు.

ఆమె స్థానంలో వచ్చినవాడు ఆమెకన్నా చిన్నవాడు, ఇస్త్రీ నలగని చొక్కావాడు. ఆమె డ్రాయింగులన్నీ అప్పగించి, వాలుదారి కొలతలు చెప్పి, బల్లలు మాత్రం తీసెయ్యవద్దని రెండుసార్లు చెప్పింది. అతను మెట్ల దగ్గర సున్నం కలుపుతున్న పెద్ద మేస్త్రిని చూసి గొంతు తగ్గించాడు.

“మేడమ్, ఏమనుకోకండి. మీ బాబాయి గారని కాదు, మామూలుగా అడుగుతున్నా. ఆ మేస్త్రిని నమ్మొచ్చా?”

“నమ్మమని నేను చెప్పను,” అంది ఆమె. “ఏ అనుమానం వచ్చినా వెళ్ళి ఆయన్నే అడగండి. మీరు అడక్కపోతే ఆయన చెప్పడు.”

“తప్పకుండా మేడమ్.” అతను బుద్ధిగా తలూపి నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఆమె సంచి భుజానికి తగిలించుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. కొత్త ఇంజనీరు మేస్త్రి పక్కనుంచే నడిచి, ఆయన్ని దాటుకుని, తిన్నగా రేడియో స్టూలు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. రేడియో తలుపు వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూశాడు.