తాళం వేసిన ఫోల్డరు

కళ్లద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసే ఆవిడను అందరూ అక్క అనే పిలిచేవారు. నిజానికి ఆమె అక్క అయింది ఒక్కరికే. ఆ చెల్లెలు బడిలో లెక్కలు చెప్పేది. ఇంట్లో ముద్దుపేరు చిట్టి.

చిట్టికి ముప్పై ఎనిమిదో ఏట కండరాల జబ్బు వచ్చింది. ఒక్కొక్క కండరమే చచ్చుబడిపోతుందనీ, మందు లేదనీ డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం అక్క జబ్బు పేరు కంప్యూటర్‌లో కొట్టి చూసింది. మొదటి పేజీ గుండె జారిపోయేలా ఉంది. రెండోది ఏదో తైలం అమ్ముకుంటోంది. మూడోది మాత్రం పడిపోకుండా మెట్లెక్కడం ఎలాగో ఓపిగ్గా చెప్పింది. మర్నాడు ఎంత వెతికినా ఆ పేజీ మళ్లీ దొరకలేదు.

ఆమె అవస్థ చూసి కౌంటర్లో కూర్చునే అమ్మాయి, లింకులు దాచుకునే వెబ్‌సైటు ఒకటి చూపించింది. ఒకసారి అందులో పెడితే దుకాణంలోనైనా ఇంట్లోనైనా తీసి చూసుకోవచ్చు. అద్దాలను పవరు ప్రకారం అరల్లో సర్దే చెయ్యి కదా, అక్క లింకులనూ అలాగే సర్దింది. మెట్లు, చెంచా, మింగడం, నిద్ర, మాట, ఇలా ఒక్కోదానికి ఒక్కో ఫోల్డరు. ప్రతి లింకు కిందా తన మాటల్లో రెండు ముక్కలు రాసేది: "దిండు భుజం కింద పెట్టాలి, మోచేతి కింద కాదు. మేం చేసి చూశాం." అదంతా చిట్టికి కూడా కనిపించేలా షేర్ చేసింది.

చిట్టి చూసి నవ్వింది. "ఇంటర్నెట్టుకి పచారీ కొట్టు పెట్టావే అక్కా" అంది.

అన్నిటికంటే అడుగున ఇంకో ఫోల్డరు ఉండేది. పేరు "ఇప్పుడు కాదు". ఊపిరి తీసుకోవడం కష్టమయ్యాక ఏం జరుగుతుంది, గొట్టం పెట్టించుకోవాలా వద్దా, చివరి నెలలు ఎలా ఉంటాయి, అన్నీ అందులో ఉన్నాయి. అక్క దానికి పాస్‌వర్డ్ పెట్టింది. పేరు మాత్రం పైకి కనిపిస్తూనే ఉండేది.

ఒకరోజు అన్నం తినిపిస్తుంటే చిట్టి అడిగింది. "దాన్లో ఏముందో నాకు తెలియదనుకున్నావా? లెక్కల టీచర్ని. తియ్యవే, ఇద్దరం కలిసి చదువుదాం."

తర్వాత చూద్దాంలే అంది అక్క. చిట్టి రెట్టించలేదు. కిటికీ తెర కాస్త పక్కకి జరపమంది. ఆ తర్వాత నాలుగు నెలలకు, జలుబులా మొదలైనది రెండు రోజుల్లో ఆమెను తీసుకుపోయింది. ఆస్పత్రిలో గొట్టం పెట్టాలా అని అడిగితే అక్కకు ఏం చెప్పాలో తోచలేదు. చిట్టికి ఏం ఇష్టమో ఆమె ఏనాడూ అడగలేదు.

పదకొండు నెలలు ఆ వెబ్‌సైటు ముఖం చూడలేదు. చివరికి మొత్తం చెరిపేద్దామని ఒక ఆదివారం తెరిచింది. మూడువందల పన్నెండు మంది ఆ జాబితాను వాడుతున్నారని తెరమీద ఉంది. చిట్టి ఆ లింకును తనలాంటి రోగులందరికీ పంచిందని అప్పుడు తెలిసింది. అక్క ఎప్పుడూ తెరిచి చూడని వ్యాఖ్యల పేజీలో ఎవరెవరో ప్రశ్నలు రాశారు. వాటికి చిట్టి, చెయ్యి ఆడినన్నాళ్లూ, ఒక్కవేలితో జవాబులు రాసింది. "ఇది మా అక్క పెట్టింది. నమ్మొచ్చు." ఆ మాటే తొమ్మిది చోట్ల ఉంది. అక్క చెరిపేసే సంగతి మరిచిపోయి, ప్రశ్నలన్నీ మొదటినుంచి చదువుకుంటూ వచ్చింది.

ఆఖరి ప్రశ్న వారం కిందటిది. రాసినవాడు బస్సు డ్రైవరు. తాళం వేసిన ఫోల్డరులో ఏముందని తన భార్య అడుగుతోందనీ, వీలైతే ఫోన్ చేయమనీ నంబరు ఇచ్చాడు.

అక్క ఫోన్ చేసింది. డ్రైవరు గొంతు తగ్గించి, అది తనకొక్కడికే పంపమని, ఆమె తట్టుకోలేదని బతిమాలాడు. ఈలోగా అవతల ఫోన్ చేతులు మారింది. ముద్దముద్దగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ ఒక ఆడగొంతు వినిపించింది.

"మా ఆయనకి భయమండీ. నాకూ భయమే. కానీ జబ్బు నాది కదా, నన్ను చదవనివ్వండి."

అక్క అంది: "మా చెల్లెలు కూడా అడిగిందమ్మా. నేను ఇవ్వలేదు."

"ఎందుకని?"

"ధైర్యం చాల్లేదు."

"కోప్పడిందా?"

"లేదు. మాట మార్చేసింది. నేను బాధపడతానని."

అవతల బరువైన ఊపిరి వినబడింది. "అయితే నాకివ్వండి, అక్కా" అందామె.

ఆ వారమంతా అక్క దుకాణం నుంచి రాగానే ఫోల్డరు ముందేసుకుని కూర్చుంది. పంతొమ్మిది లింకుల్లో ఏడు ఇక తెరుచుకోవడం లేదు. వాటికి బదులు వేరేవి వెతికింది. తనకు తెలిసింది ఏ పేజీలోనూ లేని చోట తానే రాసింది: "గొట్టం సంగతి ముందే మాట్లాడుకోండి. మేం మాట్లాడుకోలేదు. ఆ రోజు నాకు దిక్కుతోచలేదు." శనివారం పాస్‌వర్డ్ తీసేసింది. కావలసినవి చేర్చుకోమని డ్రైవరు భార్యకు అనుమతి కూడా ఇచ్చింది. గొంతు మూగబోకముందే తన మాటలు రికార్డు చేసి పెట్టుకునే పద్ధతి చెప్పే పేజీలు రెండు ఆమె చేర్చింది.

చలికాలం చివర్లో ఆమె పోయింది. డ్రైవరే ఫోన్ చేశాడు. ఆమె కోరినట్టే ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఇంట్లోనే ఉంచానని, చివరిదాకా పక్కనే కూర్చున్నానని చెప్పాడు. ఏడవలేదు. ఒక సాయం అడిగాడు. ఆమె పెట్టిన లింకుల్లో ఒకటి తెరుచుకోవడం లేదట. బాగుచేయడం తనకు నేర్పమన్నాడు.

"కంప్యూటర్ ముందున్నారా బాబూ?" అంది అక్క.

"ఉన్నానండీ."

"అయితే ముందు ఆ పేజీ పేరు నాకు చదివి చెప్పండి."