ఆనందమ్మ కాళ్లు చాపిన ఆదివారం

దయానంద్‌కు రేణిగుంట ఫ్యాక్టరీలో ఆదివారాలూ డ్యూటీ పడడంతో వడమాలపేట చర్చిలో డ్రమ్స్ కొట్టే దిక్కు లేకుండా పోయింది. పాస్టరు రెండు వారాలు చూశాడు. కీబోర్డులోనే తాళం వస్తుంది కదా, ఈ సెట్టును చిత్తూరులో ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు. దయానంద్ భార్య స్టెల్లా లేచి, వచ్చే వారం తాను వాయిస్తానంది. పెళ్లయిన నాటి నుంచీ మొగుడి చేతుల వంకే చూస్తూ పాటలు పాడిన మనిషి, ఆ ఆశ ఈనాటిది కాదు. సరే, ఆ ఒక్క వారం చూసి తేల్చేద్దామన్నాడాయన.

అత్త ఆనందమ్మకు మాత్రం మింగుడుపడలేదు. "ఆడకూతురు అంతమంది ముందర కాళ్లూపతా కూచుంటే సూసేదానికి బాగుంటాదా?" అంది. మోకాళ్లు ఎంత సలిపినా చర్చిలో కాళ్లు మడుచుకునే కూర్చునే మనిషి ఆమె. దేవుడి వైపు కాళ్లు చాపడం ఆమె దృష్టిలో మహాపాపం.

దయానంద్ సెట్టును ఇంటికి తెచ్చి, మట్టి వాకిట్లో సాయంత్రాలు నేర్పించాడు. కుడికాలితో పెడల్ నొక్కితే పెద్ద డ్రమ్ము ధమ్మంటుంది, పాట నిలబడేది దాని మీదే. మోకాళ్ల మధ్య చిన్న డ్రమ్ము స్నేర్, అడుగున తీగలుంటాయి కాబట్టి చురుగ్గా పలుకుతుంది. ఎడమకాలితో హై-హ్యాట్ పళ్లేలు రెండూ మూసిపట్టి, పైన పుల్లతో లెక్క నడపాలి. పైన బిగించిన టామ్ డ్రమ్ములు చరణం మారేటప్పుడు. పక్కన నిలబెట్టిన పెద్ద కంచు పళ్లెం మీద పల్లవి ఎత్తుకునేటప్పుడు ఒక్క దెబ్బ, అంతే.

చేతులు రెండు రోజుల్లో దారికొచ్చాయి. పేచీ అంతా కాళ్లతోనే. పదిహేనేళ్లు కుట్టుమిషన్ తొక్కిన కాళ్లు కదా, ఒకదాన్ని విడిచి ఒకటి ఆడవు. కుడికాలు లేస్తే ఎడమదీ లేస్తుంది, పళ్లేలు తెరుచుకుని గలగలమంటాయి. స్టెల్లా మిషన్ బెల్టు తీసేసి, ఎడమ పాదం మీద చల్లటి ఇస్త్రీ పెట్టె పెట్టుకుని, కుడికాలు ఒక్కదానితోనే తొక్కింది. ఊళ్లోవాళ్ల జాకెట్లన్నీ ఆగిపోయాయి గానీ శనివారానికి కాళ్లు వేరుపడ్డాయి.

ఆదివారం మొదటి చరణం బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత తన్నిన ప్రతిసారీ పెద్ద డ్రమ్ము ముందుకు జారసాగింది. దయానంద్ చర్చిలో ఎప్పుడూ దాని ముందర ఒక రాయి అడ్డం పెట్టుకునేవాడు. ఆ సంగతి చెప్పడం మరిచిపోయాడు. ఈమధ్యే నున్నటి టైల్స్ వేసిన మేస్త్రీ ఆ రాయిని బయట పారేశాడు.

రెండో చరణానికి స్టెల్లా స్టూలు అంచుకు వచ్చేసింది. ఇంకో జానెడు జరిగితే డ్రమ్ముకు బిగించిన పెడల్ అందదు. తాళం నువ్వందుకో అన్నట్టు పాస్టరు కీబోర్డు అబ్బాయి వైపు చూశాడు. అది చూసి స్టెల్లాకు ఏడుపొచ్చింది. కష్టపడి దారికి తెచ్చుకున్న కాలు అదుపులోనే ఉంది, డ్రమ్మే పారిపోతోంది.

ముందు వరసలో నేల మీద ఆనందమ్మ కూర్చుని ఉంది. డ్రమ్ము ఆమె దగ్గరికే వచ్చింది. ఆమె కోడలి ముఖం చూసింది. చీర కుచ్చెళ్లు సర్దుకుని, మూలుగుతూ రెండు కాళ్లూ చాపి, డ్రమ్ము చట్రానికి అరికాళ్లు ఆనించి బిగబట్టింది. దేవుడి వైపే చాపింది.

"కొట్టు మే, నేనుండాను," అంది.

స్టెల్లా తన్నింది. ఆ దెబ్బ ఆనందమ్మ మోకాళ్ల దాకా వచ్చింది. డ్రమ్ము కదల్లేదు.