పాలపళ్ళు తిన్న కుక్క

పొద్దున లేవగానే బూబూసారా చేసే మొదటి పని కుక్క నోరు చూడడం. పొయ్యిలో పిడకలు అంటించి, టీకి నీళ్ళు పెట్టి, నిన్నటి రొట్టెముక్కల మీద ఎముకల పులుసు పోసి వాకిట్లోకి తెచ్చేది. మొయినోక్ దూడంత ఉండే నల్లకుక్క, మెడ చుట్టూ తెల్లమచ్చ. దాన్ని చూసి తోడేళ్ళు దారి మార్చుకునేవి. అది ఏ దవడతో నములుతోందో, ఎక్కడ ఆగుతోందో, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసేది. ఆ తర్వాతే లోపలికి ఒక కేక.

"జిపార్! ఎడమ పక్క తోమలేదు నువ్వు."

"తోమాను అపా!"

"మొయినోక్ కుడి పక్కే నములుతున్నాడు. అబద్ధం నువ్వు చెప్తున్నావా, వాడు చెప్తున్నాడా?"

మనవరాలు మళ్ళీ బ్రష్షు అందుకునేది. కుక్క అబద్ధం చెప్పదని దానికీ తెలుసు.

ఆ లోయలో పిల్లలకి పాలపన్ను ఊడితే గొర్రెతోక కొవ్వులో చుట్టి కుక్కకి వేస్తారు. "నా పుచ్చుపన్ను నువ్వు తీసుకో, నీ తెల్లపన్ను నాకియ్యి" అని పిల్ల చేతే అనిపిస్తారు. తిన్న కుక్క తిని ఊరుకోదు. ఆ పిల్ల పంటినొప్పి బతికినన్నాళ్ళూ దానిది కూడా. తపాలా మనిషికి జ్ఞానదంతం మొలిచినప్పుడు అతని కుక్క గోడకి తల ఆనించుకుని నిలబడిపోయింది. దారిన పోయేవాళ్ళు కుక్కని చూసి, ఇంట్లోకి తొంగి, "వేడి టీ తాగకు నాయనా" అని అతనికి చెప్పి పోయారు. అంతే. అందులో ఇంకేం ఉంది మాట్లాడుకోడానికి?

జిపార్ పాలపళ్ళన్నీ మొయినోక్‌కే వెళ్ళాయి. కొవ్వులో చుట్టింది బూబూసారా చేతులే.

ఇప్పుడు జిపార్‌కి పధ్నాలుగేళ్ళు. కొత్తపళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, సంతరోజు వ్యానులో జనంలాగా. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. నారిన్ పట్నంలో కుట్టుపని చేసే దాని తల్లి పట్టుబట్టి, మంచు పడకముందే పళ్ళకి క్లిప్పులు వేయించి పంపింది. వేసింది నాజిరా అనే పళ్ళ డాక్టరు. తిన్న ప్రతిసారీ తోముకోవాలంది. తీగకీ పంటికీ మధ్య సన్నబ్రష్షు దూర్చి తియ్యాలంది. గట్టివి కొరకొద్దంది. జిపార్ అంతా తెచ్చి అపాకి అప్పజెప్పింది.

బూబూసారా చెవిన పెట్టలేదు. నాజిరా ఆ ఊరి కానిషాయ్ కూతురు మరి. ఈ కానిషాయ్ తన పెద్దకొడుకు పెళ్ళిలో, తమ వంశానికే పెద్దకోడలైన బూబూసారాకి మర్యాదగా గొర్రెతోక మొదటి ముక్క పెట్టాల్సింది పోయి, చిన్నపిల్లలకి పెట్టే ముంగాలి ఎముక పెట్టింది. అందరి ముందూ. నాజిరా అప్పటికి పుట్టనే లేదు. లేకపోతేనేం?

"ఎవరికి ఏ ఎముక పెట్టాలో తల్లికి తెలీదు. కూతురికి పళ్ళ సంగతి తెలుసా?" అంది బూబూసారా.

బళ్ళో పిల్లలు ఊరుకుంటారా. "జిపార్, నోరు తెరవ్వే, ఆ తీగల దొడ్డి తలుపు తీస్తే గొర్రెల్ని తోలుకెళ్తాం" అనేవాళ్ళు. అది నోరు మూసుకుని తిరగడం నేర్చుకుంది. మూసిన నోట్లో ఏం జరుగుతోందో ఎవరికి తెలుస్తుంది?

"అపా, తోముతుంటే రక్తం వస్తోంది."

"వచ్చేచోట ముట్టుకోకు. పుండుని ఎవరైనా గెలుకుతారా?"

"డాక్టరమ్మ మాత్రం..."

"డాక్టరమ్మ! ఇదిగో, కురుత్ తిను. పళ్ళకి బలం."

ఉప్పు పెరుగుని ఉండలు చేసి రాళ్ళయ్యేదాకా ఎండబెట్టిన కురుత్‌ని దాని జేబులో గుప్పెడు పోసేది. జిపార్ ఆ ఉండల్ని చెంపన పెట్టుకుని బడికి పోయేది. ముట్టుకోవద్దన్నచోట ముట్టుకునేది కాదు. ముట్టుకోనిచోట తెల్లటి పాచి పట్టింది, పాచి కింద గార కట్టింది, గార పక్కన చిగురు ఉబ్బి తీగ మీదికి పాకింది. మొయినోక్ పులుసు తాగి రొట్టె వదిలేయడం మొదలెట్టాడు. ముసలాడయ్యాడులే అనుకుంది బూబూసారా. అనుకోవాలని అనుకుంది.

చలి ముదిరాక పక్కింట్లో తాత సంవత్సరీకం వచ్చింది. గుర్రాన్ని కోశారు, గొర్రెల్ని కోశారు. జిపార్ ముందుకి ఒక పక్కటెముక వచ్చింది. ఎముక మీద మాంసం వదిలితే పశువుకీ అవమానం, పెట్టినవాళ్ళకీ అవమానం. జిపార్ దాన్ని పట్టుకుని అపా వైపు చూసింది. ఎదురుగా కానిషాయ్ కూర్చుని ఉంది.

"చూస్తావేం? తెల్లగా గీకు" అంది బూబూసారా, అందరికీ వినపడేట్టు.

జిపార్ కొరికింది. టక్కుమంది. సరిగ్గా అప్పుడే గోడ అవతల మొయినోక్ ఏడ్చాడు. మొరగడం కాదు. పసిపిల్లని పొయ్యి మీద పడేసినట్టు ఏడ్చాడు. విందులో చేతులన్నీ ఆగిపోయాయి. ఒక్కరు కూడా వీధి వైపు చూడలేదు. అందరూ జిపార్ నోటివైపే చూశారు. దాని వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి ఎముక మీద పడింది.

కానిషాయ్ అంది, "నా కూతురు ఉన్నది దేనికి బూబూసారా? తీసుకెళ్ళు."

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే మర్నాడే తీసుకెళ్ళేది.

క్లిప్పు ఒకటి ఊడింది. తీగ చివర చెంపలో గుచ్చుకుంటోంది. బూబూసారా రాళ్ళ సందుల్లో దొరికే కొండజిగురు పూసింది, తేనె పూసింది, వేడి ఇసుక మూట కట్టి కాపడం పెట్టింది. దవడ ఇంకా ఉబ్బింది. మొయినోక్ పులుసు కూడా మానేశాడు. నోరు సగం తెరిచి చొంగ కారుస్తూ గుమ్మం దగ్గర పడుకునేవాడు. పక్కటెముకలు బయటపడ్డాయి. తోడేలుకి తల వంచని కుక్క, పిచ్చుక వచ్చి గిన్నెలో రొట్టె తింటుంటే చూస్తూ ఊరుకుంది.

"అపా," అంది జిపార్ ఒక పొద్దున. "ముందుపళ్ళు రెండూ కదులుతున్నాయి."

బూబూసారా వేలు పెట్టి చూసింది. పాతిన గుంజ వానకి వదులైనట్టు కదిలాయి. ఆమె పెట్టెలోంచి తెల్ల తలగుడ్డ తీసి చుట్టుకుంది, మొయినోక్ మెడకి తాడు కట్టింది.

వ్యాను దగ్గర డ్రైవరు తుర్దుబెక్ చెయ్యి అడ్డం పెట్టాడు. "అపా, మనుషులకే చోటు లేదు. ఈ దూడెందుకు?"

"వీడి నోట్లో ఉన్నవి నా మనవరాలి పళ్ళు. దింపేస్తావా?"

"ఆ మాట ముందే చెప్పకూడదా? ఏయ్ తమ్ముడూ, బస్తా వెనక్కి జరుపు. కుక్కని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, గాలి తగులుతుంది."

నాజిరా ముందు కుక్క నోరు చూసింది, తర్వాత పిల్ల నోరు. రెండూ ఒకే రంగు, మగ్గిన వంకాయ రంగు. గుచ్చుకుంటున్న తీగ కత్తిరించింది, గార గీకింది. గీకుతున్నంతసేపూ కుక్క వణికింది, పిల్ల వణకలేదు. కళ్ళు మూసుకుని కుర్చీ చేతులు పట్టుకుంది.

"రక్తం వచ్చేచోట తోమొద్దని ఎవరు చెప్పారు నీకు?"



"చెప్పినవాళ్ళు చెప్పారు," అంది బూబూసారా. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"మురికి కూర్చున్న చోటే రక్తం వస్తుంది అపా. అక్కడే తోమాలి. మెత్తటి బ్రష్షు చిగురు అంచున వాల్చి పట్టుకుని, రుద్దకుండా, చిన్నచిన్న సున్నాలు చుట్టాలి. తీగ పైన ఒకసారి, కింద ఒకసారి. సందుల్లో సన్నబ్రష్షు. ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. తీగ గుచ్చుకుంటే ఈ మైనం అద్దండి. కురుత్ వద్దు, ఎముకలు వద్దు." ఆమె చేతి తొడుగులు తీసింది. "చిగురు కోలుకుంటుంది. కానీ ఆ రెండింటి కింద ఎముక కరిగింది. నిలబడతాయని నేను చెప్పలేను."

బూబూసారా తలెత్తి చూసింది. పోట్లాడదామనుకుంది. కానిషాయ్ కూతురు కళ్ళలో గర్వం వెతికింది, దొరకలేదు. అందుకే ఇంకా భయమేసింది.

అప్పట్నించి జిపార్ అద్దం పెట్టుకోలేదు. గుమ్మంలో మొయినోక్ ఎదురుగా కూర్చుని, వాడి మొహం చూస్తూ తోముకునేది. వాడి చెవి వెనక్కి వాలితే చెయ్యి తేలిక చేసేది. బూబూసారా ఉప్పునీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడేది. మొదట్లో ఉమ్మినదంతా ఎర్రగా ఉండేది.

"వాడికి నొప్పి పుడుతోంది అపా. నా వల్ల కాదు."

"అవుతుంది. తోము నా ఒంటెపిల్లా. వాడు లేచి పోవట్లేదుగా."

తన కోసమైతే ఆ పిల్ల ఎప్పుడో మానేసేది. వాడి కోసం మానలేదు. మెల్లగా నీళ్ళు గులాబీ రంగుకి దిగాయి, తర్వాత తేటపడ్డాయి. చిగుళ్ళు కిందికి దిగి బిగిశాయి. మొయినోక్ పులుసు గతకడం మొదలెట్టాడు. కానీ ముందుపళ్ళు రెండూ కదులుతూనే ఉన్నాయి. జిపార్ రోజూ నాలికతో తడిమి చూసుకునేది. బూబూసారా ఏమని అడిగేది కాదు. దాని మొహం చూసి తెలుసుకునేది.

ఇంటికప్పుల మీద మంచు కరిగి చుక్కలు రాలుతున్న ఒక ఉదయం బూబూసారా వాకిట్లో కుక్క ముందు కూలబడింది. ఎవరి ముందూ అట్లా కూర్చున్న మనిషి కాదు. వాడి తల రెండు చేతులతో పట్టుకుంది.

"ఒరే, దాని పుచ్చుపళ్ళు నీకు వేశాం. నీ తెల్లపన్ను ఇమ్మని అడిగాం. అప్పుడు తోక ఊపావు. నాకు గుర్తుంది. నేనేదీ మర్చిపోను, నీకు తెలుసు."

మొయినోక్ ఆమె చెయ్యి నాకాడు.

మర్నాడు ఆమె పులుసు పోయబోతే గిన్నె ఖాళీగా లేదు. అడుగున రెండు కోరలు, తెల్లగా, వేర్లతో సహా, కడిగినట్టు ఉన్నాయి. పక్కన మొయినోక్ నోరు మూసుకుని, పనైపోయినవాడిలా కూర్చుని ఉన్నాడు. ఆమె గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళింది. జిపార్ రొట్టె కొరుకుతోంది. ముందుపళ్ళతో. కొరికి, ఆగి, మళ్ళీ కొరికింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అపా వైపు చూసింది.

వసంతంలో నాజిరా వాటిని కదిపి చూసింది. కదల్లేదు. కొత్త తీగ వేసింది, ఏమీ అడగలేదు. ఆమె పాలపళ్ళు తిన్న కుక్క కూడా ఒకటి ఉండే ఉంటుంది.

ఆ వేసవిలో మందలు కొండెక్కాయి, మొయినోక్ వెళ్ళలేదు. కోరలు లేని కుక్కని తోడేలు ముందుకి ఎవరు పంపుతారు? గొర్రెల గంటలు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా వాడు దారిలో నిలబడి, తర్వాత ఇంటికి వచ్చాడు.

బూబూసారా ఇప్పుడు మాంసాన్ని దారాల్లా సన్నగా తరుగుతుంది, రెండు గిన్నెల్లోకి. ఎముకలు తనే తీసుకుని తెల్లగా గీకుతుంది. కానిషాయ్ పెట్టిన ముంగాలి ఎముకని మాత్రం ఇంకా క్షమించలేదు. తిన్న తర్వాత జిపార్ గుమ్మంలో కూర్చుని, తీగ పైన ఒకసారి కింద ఒకసారి తోముకుని, ఉప్పునీళ్ళు ఉమ్మి, వాడి ముందు నోరు తెరుస్తుంది. మొయినోక్ లోపలికి వాసన చూస్తాడు, అంతా ఆ చివర్నుంచి ఈ చివరిదాకా. ఆ తర్వాతే తన గిన్నె దగ్గరికి పోతాడు.