ఆర్డరులో లేని గీత

“గీసేటోడు ఆర్టిస్టు. కొట్టేటోళ్లం మనం పనోళ్లం. గింత దానికి మొగం ముడుసుకుంటవేందే?” అంది దీనమ్మ.

పెనం మీద జొన్నరొట్టె తిప్పుతున్న హేబ్సిబా ముఖం ముడుచుకోనేలేదు. పొగకు కళ్లు చికిలించింది, అంతే. కానీ అత్తగారి చూపు అలాంటిది. కోడలి మనసులో ఈగ వాలితే ఆవిడకు గేదె దిగినట్టు కనిపిస్తుంది.

ఆ ఉదయం పేపర్లో ఆమె మొగుడు ఎబినేజర్ ఫొటో పడింది, కింద ‘బిద్రీ కళాకారుడు’ అని. అతని పక్కన పొడుగుమెడ సురాయి కూజాను పట్టుకున్న మోచెయ్యి కూడా పడింది. “ఏమే, నీ మోచెయ్యి గూడ పేపరెక్కింది!” అని మొగుడు ఇంటికప్పు లేచిపోయేలా నవ్వాడు. హేబ్సిబా కూడా నవ్వింది. నవ్వకపోతే దానికీ ఒక మాట పడాలి.

తండ్రి నేర్పిన ద్రాక్షతీగను ఎబినేజర్ ఒక చాయ్ తాగేలోపు గీసేస్తాడు. ఆ గీత వెంట ఉలితో చెక్కడం, చెక్కిన గాడిలో వెండితీగ పెట్టి సుత్తితో కొట్టడం, బీదర్ కోటలో తవ్విన మన్ను కలిపిన నీళ్లలో సురాయిని మరిగించి నల్లగా చేయడం, మధ్యలో వంట, బట్టలు, అత్తగారి మోకాళ్లకు నూనె, అన్నీ హేబ్సిబావి. ఇన్నేళ్లలో ఆమె చెక్కిన తీగనంతా కలిపితే బీదర్ కోటను చుట్టేసి, హుమ్నాబాద్ దాకా పాకి, అక్కడ బస్సు దొరక్క వెనక్కి వచ్చేది.

ఆమెకు మాత్రం ఒక దొంగ అలవాటు ఉంది. చెక్కే ముందు సురాయికి మైలుతుత్తం నీళ్లు పూస్తారు. తెల్లని లోహం నల్లబడుతుంది. దాని మీద సూదితో గీస్తే గీత మెరుస్తుంది. మళ్లీ అవే నీళ్లతో తుడిస్తే, ఏమీ గీయనట్టే. మొగుడు బయటికెళ్లినప్పుడల్లా హేబ్సిబా గీసుకునేది, అడుగుల చప్పుడు వినగానే తుడిచేసేది. ఏం గీసిందో ఆ సురాయికీ ఆమెకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. తుడిచిన ప్రతిసారీ ఒకటే అనిపించేది. ఎవరితోనో మాట మొదలుపెట్టి, వాళ్లు వినకుండానే లేచి వెళ్లిపోయినట్టు.

ఎబినేజర్ జనవాడకు పెళ్లికి వెళ్లిన రోజు, ఎయిర్‌ఫోర్సు విమానాలు ఊరి మీద గిరికీలు కొడుతున్నాయి. ఆ మోతకు తన కోడి ఒకసారి సగం గుడ్డే పెట్టిందని దీనమ్మ ఇప్పటికీ బైబిలు మీద చెయ్యేసి చెబుతుంది. హేబ్సిబా తలెత్తి చూసింది. ఒక విమానం మెలిక తిరిగి, కిందికి జారి, ఎటో పోయింది. ఆ పోకడను సూదితో సురాయి మీద గీసింది. పువ్వు లేదు, ఆకు లేదు. ఒకే ఒక్క గీత, చుట్టూ అంతా ఖాళీ. తుడవడానికి గుడ్డ తీసింది. గుడ్డ పక్కన పడేసి ఉలి అందుకుంది. ఉలి దిగాక ఇక తుడిచేదేముంది?

తిరిగొచ్చిన ఎబినేజర్, ఒక్క గీతలోనే వెండి మెరుస్తున్న సురాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇదేందే? వెండి అయిపోయిందా?”

“అయిపోలే.”

“మరి గింత జాగ ఉత్తగ ఇడిసిపెట్టినవేంది? కరగబెట్టాలె దీన్ని.”

కరగబెట్టేలోపే హైదరాబాదులో దుకాణం నడిపే శివాని వచ్చింది. తీగల సురాయిలన్నీ దాటి దీని దగ్గర ఆగింది. చేతిలోకి తీసుకుని ఆ గీత వెంట వేలు పోనిచ్చింది.

“ఎవరు గీశారిది?”

“మా ఎబినేజరే, ఇంకెవరమ్మా!” అంది దీనమ్మ. ఎబినేజర్ మెడ రుద్దుకున్నాడు. చాయ్ పళ్లెం పట్టుకున్న హేబ్సిబా అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఒక్క మాట చెబుతాడేమోనని.

“ఇలాంటివే డజను కావాలి.”

“అట్లనే మేడమ్!” ఈ మాట మాత్రం అతనికి చప్పున వచ్చింది.

హేబ్సిబా పళ్లెం కింద పెట్టింది. “కావు మేడమ్. గీసింది నేను. అది మల్ల రాదు. ఏరేది గీస్త.”

శివాని ఆమెను కొత్తగా చూసింది. “ఏం గీస్తావమ్మా?”

“గీస్తే గాని నాకూ ఎరుక గాదు.”

“ఏమొస్తుందో తెలియకుండా ఆర్డర్ ఎలా ఇవ్వను?” శివాని నొచ్చుకుంటూనే అంది. సురాయిని మళ్లీ ఒకసారి తడిమి కింద పెట్టి, తీగలవే డజను రాయించి వెళ్లిపోయింది.

“ఇంటికొచ్చిన బేరాన్ని తన్నబోయినవ్ గదనే!” దీనమ్మ గొంతు చర్చి గేటు దాకా వినపడింది.

ఎబినేజర్ డజను సురాయిలూ వరసగా పెట్టి, మొదటిదాని మీద తీగ గీయడం మొదలుపెట్టాడు. హేబ్సిబా మూలనున్న ఇంకొకటి ఒళ్లోకి తీసుకుని మైలుతుత్తం పూసింది.

“అది ఆర్డరుది గాదు గదనే. ఏం జేస్తవ్ దాన్ని?” అన్నాడు ఎబినేజర్.

“తెల్వదు.”

“ఏమైతదో తెల్వకుంట సూది ఎట్ల పట్టుకున్నవే?”

“అందుకే పట్టుకున్న.”