పదిహేడో గూడు

నేను ఒక వెదురు కర్రను. వెదురునే గానీ ఎవరికీ ఎదురు చెప్పి ఎరుగను, ఒక్కరికి తప్ప. ఆ ఒక్కరి మీద కసి తీరక ఇప్పుడు నోరు విప్పుతున్నాను. కర్రకు నోరేమిటంటారా? నోరున్న మనిషి ఏడాదిపాటు నిజాన్ని మింగి కూర్చుంటే, నోరు లేనివాళ్లే మాట్లాడాలి మరి.

పుట్టింది మారేడుమిల్లి కొండల్లో. లోపల బోలు లేని గట్టి వెదురును, కాబట్టి నా మాటల్లో డొల్లతనం వెతక్కండి. కత్తుల సోమిరెడ్డి నన్ను నరికి, నిప్పుసెగ మీద వంకర తీసి, ఎర్రగా కాల్చిన చువ్వతో తల దగ్గర 17 అని వాత పెట్టాడు. మేం మొత్తం ఇరవై కర్రలం.

సోమిరెడ్డి పులిమెట్ట అడవిదారికి కాపలా మనిషి. తొమ్మిది కిలోమీటర్ల నడక, రెండు వాగులు, ఒక జారుడు దిగుడు. ‘కొంచెం అలవాటున్నవారికి మాత్రమే’ అని మొదట్లోనే బోర్డు ఉంటుంది. ఆ ‘కొంచెం’ అనే మాట మనిషి చేతిలో పడితే రబ్బరులా సాగుతుంది. పార్కులో నాలుగు చుట్లు తిరిగి, ఆనక నాలుగు ఇడ్లీలు తిన్నవాడు కూడా అలవాటున్నవాడే!

ఆ దారికి ఒక పద్ధతి ఉంది. వెళ్లేటప్పుడు తలా ఒక కర్ర తీసుకోవాలి, తిరిగొచ్చాక దారి మొదట్లో ఉన్న, అంకెలు వేసిన ఇరవై గూళ్ల చెక్కచట్రంలో ఏ గూటి కర్రను ఆ గూట్లో నిలబెట్టాలి. సోమిరెడ్డి పేర్లు రాసుకోడు, గూళ్లు చూసుకుంటాడు. గూడు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా అడవిలో ఉన్నట్టే. “గూళ్లన్నీ నిండేదాకా నేను గూటికెల్లనండి బాబూ” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

కిందటేడు కాకినాడ నుంచి ఒక నడక సంఘం వచ్చింది. అందులో ధర్మారావు గారు నన్ను అందుకున్నారు. ‘ధర్మా, రావూ’ అని కన్నవాళ్లు బతిమాలి పేరు పెట్టారేమో గానీ, ధర్మం వచ్చిన జాడ మాత్రం లేదు. మొదటి వాగుకే ఆయన ఊపిరి కొలిమితిత్తిలా కొట్టుకుంది. ఆ ఎనభై ఎనిమిది కిలోల మనిషిని తొమ్మిది కిలోమీటర్లూ నేనే నడిపించాను. ప్రతిఫలంగా ఆయన నన్ను చొక్కా కింద దాచి, అందరికంటే ముందు సొంత కారెక్కి చక్కా పోయారు.

నేను వెనక సీట్లో పడి గిలగిలలాడాను. దొంగిలించారని కాదు. అక్కడ పదిహేడో గూడు ఖాళీగా ఉంటుందని!

కాకినాడలో నా వాత కనబడకుండా తోలు తొడుగు వేయించారు, ఒంటికి వార్నిష్ పూయించారు. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, “ఎలుగుబంటి ఎదురొస్తే దీనితోనే ఒక్కటిచ్చాను” అనేవారు. ఎలుగుబంటి కాదు కదా, ఉడుత అరిస్తే ఉలిక్కిపడిన మనిషి! చేతనైనంతలో నేనూ పగ తీర్చుకున్నాను. గోడ నుంచి జారి ఆయన కాలి బొటనవేలి మీద మూడుసార్లు పడ్డాను. మొదటిసారి పొరపాటు, తక్కిన రెండూ గ్రహపాటు. గ్రహాన్ని నేనే.

ఈ ఏడు మళ్లీ సంఘం బయల్దేరింది. ధర్మారావు గారు ‘సొంత కర్ర’ అంటూ నన్ను వెంట తెచ్చారు. దారి మొదట్లో సోమిరెడ్డిని చూసి నా గుండె చెరువైంది. కుడికాలు ఈడుస్తున్నాడు. గూళ్లలో పదిహేడోది ఖాళీ.

“కిందటేడు ఒక బాబు ఎల్లి తిరిగి రాలేదండి” అన్నాడు అందరితో. “ఆ రోజెల్లిన ప్రతి గుంపునీ అడిగేం. మావోళ్లందరూ ఉన్నారన్నారు. అంటే ఎవరో ఒంటిగా వచ్చినోడన్నమాట. మూడ్రోజులు ఎతికేం. దిగుడులో నా మోకాలు పోయింది గానీ ఆయన దొరకలేదు. అందుకే ఇప్పుడెవరినీ ఒంటిగా పంపనండి, నేనూ వస్తాను. ఈ గుంపుతో ఆఖరు. మనిషిని పోగొట్టినోడికి దారి చూపే పనెందుకు?”

పక్కనే కొండతల్లి రాయి ముందు, పోయిన ఆ మనిషి పేరున ఆకు దొప్పలో పూలు పెట్టి ఉన్నాయి. అందరూ దణ్ణం పెట్టారు. ధర్మారావు గారూ పెట్టారు, రెండు చేతుల మధ్య నన్ను ఇరికించుకుని! తన కర్మకాండకు తానే వచ్చి దణ్ణం పెట్టుకున్న ఘనుణ్ణి నేను ఆయన్నే చూశాను. ఆనక చెమట తుడుచుకుని, నా తొడుగును వాత మీదికి ఇంకాస్త లాగారు.

దిగుడు దగ్గర పెళ్లున విరిగిపోదామనుకున్నాను. కానీ సరిగ్గా కింద సోమిరెడ్డి ఉన్నాడు, ఈయన పడితే ఆయన మీదే పడతారు. ఆగాను. సోమిరెడ్డి పక్కకు తప్పుకుని చెయ్యి అందివ్వగానే, చెమటకు నానిన తోలు తొడుగులోంచి సర్రున జారాను. తొడుగు ధర్మారావు గారి చేతిలో మిగిలింది. ఆయన కూర్చున్నపళంగా పది అడుగులు జారారు. పంట్లాం వెనకాల అడవంత ఆకుపచ్చ. నేను దొర్లి దొర్లి సోమిరెడ్డి కాళ్ల దగ్గర ఆగాను, వాత పైకి కనబడేలా.

సోమిరెడ్డి వంగి దాన్ని వేలితో తడిమాడు. “ఇది పదిహేడండి... ఈ వాత నేను పెట్టిందే.”

ధర్మారావు గారు తల వంచుకున్నారు. “గుర్తుగా ఉంటుందని... పట్టుకెళ్లాను.”

“అయితే ఎవరూ పోలేదా బాబూ?” సోమిరెడ్డి బండ మీద కూలబడి, నన్ను గుండెకు ఆనించుకుని, నవ్వుతూ ఏడ్చాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

తిట్టే బాధ్యత ఆయన భార్య చిన్నమ్మి తీసుకుంది. నడక ముగిసి తిరిగొచ్చాక, దారి మొదట్లో తను టీ కాచే చోట, సంఘం అందరి ముందు ధర్మారావు గారిని నిలబెట్టింది.

“చెప్పు బాబూ, అందరికీ ఇనపడేలా.”

“పొరపాటున ఒక కర్ర...”

“పొరపాటని చెప్పమాక. మా ఆయన ఏడాదిగా కంటినిండా నిద్దరోలేదు. సరిగ్గా చెప్పు.”

“అడవిలో ఎవరూ తప్పిపోలేదండీ” అన్నారు ధర్మారావు గారు. “కర్ర నేనే పట్టుకెళ్లాను. మీరు దణ్ణం పెట్టింది నాకే.”

చిన్నమ్మి పూలదొప్ప తీసి ఆయన చేతిలో పెట్టింది. సోమిరెడ్డి నన్ను గూటి దాకా తీసుకెళ్లి, ఆగి, నా మీద బరువు మోపి నాలుగడుగులు వేసి చూశాడు. నన్ను గూట్లో పెట్టలేదు.

“పోనీలే, మనిషి పోలేదు. అదే చాలు. రేపు గుంపొస్తే రమ్మనండి, నేనే దారి చూపిస్తాను” అన్నాడు. క్షమించేశాడన్నమాట.

ఆయన ఇష్టం. కానీ ఆ మోకాలిని అడిగారా ఎవరైనా? దాని బరువు మోస్తున్నది ఇప్పుడు నేను. నేను క్షమించలేదు.